కోరం

పోర్ట్ కెంబ్లాలో, రైలు పట్టాలకి ఇవతల,
మూతపడ్డ రొట్టెల కొట్టు మీద ఒక గది.
మంగళవారం వాళ్ళది, గురువారం మాది.
అద్దె సగం సగం. టీ కెటిల్ ఉమ్మడి.
గోడ మీద గడ్డాలాయన పటమూ ఉమ్మడే;
ఎవరు తుడవాలో తేలక
ముప్పై ఏళ్ళ దుమ్ము పట్టింది.

నేను మినిట్స్ రాస్తాను.
ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌ని.
చేతిరాత కుదురుగా ఉందని ట్రాయ్కో
చేరిన రోజే నన్ను కార్యదర్శిని చేశాడు.
లేచిన చేతులు ఐదు. ఐదోది నాదే.

ఎందుకు విడిపోయారని మొదట్లో అడిగేవాణ్ణి.
ఏవో రెండు దేశాల సరిహద్దు తగువట.
వాటిలో ఒకటి ఇప్పుడు మ్యాపులోనే లేదు.
చచ్చినవాడి కళ్ళు చారెడంటారే,
ఆ దేశం గురించి ఇప్పటికీ అలాగే మాట్లాడతారు.

విడిపోయిన రాత్రి లైబ్రరీ పంచుకున్నారు.
నలభై ఏడు సంపుటాలు.
సరి సంఖ్యలు నోరీన్ వర్గానికి, బేసి మాకు.
మాకు ఒకటి ఎక్కువొచ్చింది,
దాని మీదా ఒక ఖండన తీర్మానం ఉంది.
అందుకే ఈ ఊళ్ళో ఎవరి వాదనా చివరికంటా సాగదు.
ముప్పై ఒకటిలో మొదలైన మాట
ముప్పై రెండులో గాని తెమలదు.
ఆ ముప్పై రెండేమో రెండు వీధుల అవతల
నోరీన్ వంటింట్లో, పిండి డబ్బాల పక్కన.

మొన్న గురువారం ఒకటే వాన.
హెర్నాన్‌కి డయాలసిస్. మేం నలుగురమే.
కోరం ఐదు.
పోత దిగే వేళ కొలిమి వైపు చూసినట్టు
ట్రాయ్కో గడియారం చూస్తున్నాడు.
నాకు నవ్వొచ్చింది:
మా భాషలో కోరం అంటే
అడగం అని, ఆశపడం అని.
పైకి చెప్పలేదు. విడమరిస్తే చచ్చే నవ్వు అది.

తలుపు తోసుకుని నోరీన్ వచ్చింది.
ఎనభై నిండాయి, గొడుగు ఊచ విరిగింది.
సంచీలోంచి పద్దెనిమిదో సంపుటం తీసి
"ఇది సగంలో ఆగింది. మీ పంతొమ్మిది ఒక గంట ఇస్తారా?"
"నువ్వు సభ్యురాలివి కావు" అన్నాడు ట్రాయ్కో.
"లెక్కపెట్టకు. కుర్చీ అయితే ఇవ్వు."

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడు.
గోదాములో రాత్రి షిఫ్టు వాళ్ళు, ముప్పై మంది పైనే,
పసుపు జాకెట్లు నీళ్ళోడుతూ.
ముందున్న అమ్మాయి పేరు లోసా.
"గంటలు కోసేశారు. మాట్లాడుకోడానికి చోటు లేదు.
పైన దీపం కనబడింది. మీరెవరు?"

ఎంత చిన్న ప్రశ్న!
ట్రాయ్కో నోరీన్ వైపు చూశాడు.
నోరీన్ కెటిల్ వైపు చూసింది.
మా రెండు పార్టీల పేర్లకీ తేడా
చివర బ్రాకెట్లో ఉన్న ఒక్క మాట.
అది చెప్పడానికి ట్రాయ్కోకి గంటన్నర పడుతుంది.
"ఈ గదికి అద్దె కట్టేవాళ్ళం" అన్నాడు.

కుర్చీలు పదకొండు. ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు.
లోసా మాట్లాడినంతసేపూ
ఒక్క సవరణా ప్రతిపాదించలేదు ఎవరూ.
హాజరు పట్టీ దగ్గర నా పెన్ను ఆగింది.
వీళ్ళనెక్కడ రాయను?
సభ్యులనా, అతిథులనా, తడిసినవాళ్ళనా?

ఐక్యత రాలేదు. అదీ రాయాలి.
మంగళవారానికల్లా కరపత్రం మీద రగడ,
"కార్మికులారా" తర్వాత కామానా, ఆశ్చర్యార్థకమా అని.
రెండు కరపత్రాలు వేశారు.
గేటు దగ్గర లోసా రెండూ తీసుకుంది.
ఒకదాని వెనక ఫోన్ నంబర్లు రాసుకుంది,
రెండోది ఉండచుట్టి తడి బూట్లో కుక్కింది.

ఆ వాన రాత్రి
నోరీన్ తన పద్దెనిమిది మర్చిపోయి వెళ్ళింది.
మా అరలో పదిహేడుకీ పంతొమ్మిదికీ మధ్య
ఇన్నేళ్ళూ ఎవరూ దగ్గరికి జరపని
బెత్తెడు ఖాళీలో
తెల్లారేసరికి అది నిలబడి ఉంది.

ట్రాయ్కో వేళ్ళకి దుమ్ము.
మినిట్స్‌లోకి ఎక్కలేదు.